నెలకి ముప్ఫై వేలు మిగులుతున్నాయనుకున్నాను: చిన్న వ్యాపారంలో అవకాశ వ్యయం లెక్క కట్టడం ఎలా

2023 ఆగస్టులో ఒక రాత్రి గ్రైండర్లు కడిగేసి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని, బిల్లు పుస్తకం వెనక అట్ట మీద ఒక లెక్క వేశాను. అప్పటికి మా ఇడ్లీ, దోసె పిండి వ్యాపారానికి పద్నాలుగు నెలలు. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు పోర్షన్‌లోనే రుబ్బి, కిలో ప్యాకెట్లు కట్టి, చుట్టుపక్కల కిరాణా షాపులకి వేస్తాం. నెలకి ఎంత మిగులుతోందని ఎవరడిగినా ముప్ఫై వేలని చెప్పేదాన్ని. అది అబద్ధం కూడా కాదు. ఖర్చులన్నీ పోగా చేతిలో ఉండేది అంతే.

అంతకుముందు ఆరేళ్ళు ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూశాను. పరాయివాళ్ళ లెక్కలు పైసాతో సహా టాలీ చేసినదాన్ని, సొంత ఇంటి లెక్క మాత్రం సగమే రాసుకున్నానని ఆ రాత్రి తెలిసింది. రెండో సగానికి ఇంటర్ సీఈసీలో ఒక పేరు చెప్పారు: అవకాశ వ్యయం. ఎకరంలో చెరకు వేస్తే ఆ ఏడాది అందులో వరి పండదు, ఆ పండని వరి విలువే చెరకుకి అవకాశ వ్యయం అని రెండు మార్కుల ప్రశ్నకి రాసి పేపరిచ్చి వచ్చేశాను. చెరకు స్థానంలో దోసె పిండి, వరి స్థానంలో నా జీతం వస్తాయని అప్పుడెవరనుకున్నారు!

వ్యాపారం పెట్టబోయేవాళ్ళూ, పెట్టి ఒకటి రెండేళ్ళయినవాళ్ళూ ఈ లెక్క ఎలా వేసుకోవాలో నా అంకెలతోనే చెప్తాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, వరస మాత్రం ఇదే. ఒక నోటుబుక్కు, ఒక గంట టైము చాలు. ఇంట్లో నిజం చెప్పే మనిషి ఒకరు పక్కన ఉంటే ఇంకా మంచిది. మా ఇంట్లో ఆ పని మా ఆయనది.

ముందు అందరూ వేసే లెక్క

చేతి నుంచి నిజంగా వెళ్ళే డబ్బు మొదట రాయాలి. నాది ఆ నెలలో ఇలా ఉంది. నెలకి 2,100 ప్యాకెట్లు కట్టేవాళ్ళం. అందులో నూటికి నాలుగు పులిసిపోయి తిరిగొచ్చేవి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. అమ్ముడయ్యేవి 2,016. షాపుకి ప్యాకెట్టు 52 రూపాయలకి వేసేవాళ్ళం, అంటే 1,04,832.

ఖర్చుల్లో మినపగుళ్ళు, ఇడ్లీ రవ్వ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి తెచ్చేవాళ్ళం, కిలో పిండికి 29 రూపాయలు పడేది, నెలకి 60,900. కవర్లు 3,150. కమర్షియల్ మీటరు కరెంటు 5,500. బండి పెట్రోలు 3,200. గోల్డ్ లోన్ వడ్డీ 800. బెల్టులు, రాళ్ళు గంటు వేయించడం, చిల్లర రిపేర్లు 1,100. మొత్తం 74,650. మిగిలింది 30,182.

తిరిగొచ్చిన ప్యాకెట్లను చాలామంది ఖర్చుగా రాసుకోరు, "పోతే పోయింది" అనుకుంటారు. రాయండి. అలాగే ఇంట్లో వాడుకున్న పిండి కూడా. ఈ భాగం మీకు తెలిసిందే కాబట్టి దీని మీద ఎక్కువసేపు కూర్చోను.

వదులుకున్న ఉద్యోగం విలువ ఎంత

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. "నా జీతం 18 వేలు, ఇప్పుడు 30 వేలు వస్తున్నాయి, 12 వేలు లాభం" అంటారు. నేనూ అలాగే అన్నాను. ఉద్యోగం అంటే ఖాతాలో పడే డబ్బు ఒక్కటే కాదు.

నా జీతం 20,000, అందులో బేసిక్ 12,000. నా పీఎఫ్ 1,440, ఈఎస్‌ఐ 150, వృత్తి పన్ను 150 కోసుకుని చేతికి 18,260 వచ్చేది. ఆ 1,440 ఎక్కడికీ పోలేదు, నా పేరు మీదే జమ అయ్యేది కాబట్టి దాన్ని వెనక్కి కలపాలి. యజమాని కూడా తన వాటాగా మరో 1,440 కడతారు. అందులో వెయ్యి దాకా పెన్షన్ పథకానికి, మిగతాది పీఎఫ్‌కి వెళ్తుంది. అదీ కలపాలి. ఇప్పటికి 21,140.

దసరాకి ఒక నెల బేసిక్ బోనస్ ఇచ్చేవారు, నెలకి పంచితే 1,000. గ్రాట్యుటీ సంగతి చాలామందికి గుర్తే ఉండదు. ఐదేళ్ళు దాటినవాళ్ళకి మానేసేటప్పుడు, పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున వస్తుంది: బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించాలి. నాకు ఏడాదికి 6,923, నెలకి 577.

తర్వాత వైద్యం. ఈఎస్‌ఐ ఉన్నన్నాళ్ళూ బాబుకి జ్వరం వచ్చినా గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. క్యూలో నిలబడి విసుక్కున్నాను కూడా. మానేశాక ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు తీసుకుంటే ఏడాదికి 16,800 అయింది, నెలకి 1,400. పోయిన సౌకర్యానికి ధర ఎంతో తెలియకపోతే, దాన్ని బయట కొనాలంటే ఎంతవుతుందో కనుక్కుని ఆ అంకె వేసుకోండి.

ఇక తీసేయాల్సినవి. ఉద్యోగం చేయడానికీ ఖర్చవుతుంది. షేర్ ఆటోకి 1,200, ఆఫీసు టీలు, కలెక్షన్లు, పుట్టినరోజు కేకులు అన్నీ కలిపి 600. వీటిని తీసేయకపోతే ఉద్యోగాన్ని లేనిపోని బంగారం చేసినట్టు. లెక్క మొత్తం:

చేతికి వచ్చే జీతం: 18,260
పీఎఫ్ రెండు వైపులా: 2,880
బోనస్: 1,000
గ్రాట్యుటీ: 577
వైద్యం: 1,400
ఉద్యోగం ఖర్చులు తీసివేత: 1,800
మిగిలేది: 22,317

18 అనుకున్నది 22 వేల మూడు వందలయింది. మా ఆయన ఇంకో మాట అన్నాడు: "అది నువ్వు మానేసినప్పటి జీతం. ఈపాటికి పెంచి ఉండరూ?" నిజమే. నా సీట్లో వచ్చిన అమ్మాయికి అప్పటికి 21,500 చేశారని తర్వాత తెలిసింది. పోల్చాల్సింది మానేసిన రోజు జీతంతో కాదు, ఉండి ఉంటే ఇవాళ వచ్చే జీతంతో. అయితే జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుంది కాబట్టి ఆ పెరుగుదల అటూఇటూగా ఇన్సూరెన్సుకే సరిపోతుందని, నేను 22,300నే ఉంచాను.

ఇంకో జాగ్రత్త. వదులుకున్నవాటిలో మెరుగైనది ఒక్కటే లెక్కలోకి వస్తుంది. "ఉద్యోగం చేసేదాన్ని, సాయంత్రం ట్యూషన్లు చెప్పేదాన్ని, మా కజిన్ పిలిచిన చోట ఇంకో ఐదు వేలు ఎక్కువ వచ్చేది" అని అన్నీ కూడితే ఏ వ్యాపారమూ నిలబడదు. మనిషి ఒక్కతే, రోజుకి ఇరవైనాలుగు గంటలే. పైగా ఆ ఒక్కటీ నిజంగా దొరికేదై ఉండాలి. గల్ఫ్‌కి వెళ్తే లక్ష వచ్చేదట లాంటివి వద్దు.

సొంత గదే కదా, అద్దె ఎందుకు?

ముందు పోర్షన్‌లో అంతకుముందు ఒక కుటుంబం అద్దెకుండేది, నెలకి 7,500. వాళ్ళని ఖాళీ చేయించి గ్రైండర్లు పెట్టాం. "సొంత జాగా, అద్దె బాధ లేదు" అని అందరితో గొప్పగా చెప్పుకున్నాను. ఆ గొప్పకి నెలకి 7,500 చెల్లిస్తున్నానని తట్టలేదు.

పూర్తి 7,500 కూడా వేయకూడదు. ఏడాదిలో ఒక నెలైనా టులెట్ బోర్డు వేలాడుతుంది. గోడలకి సున్నం, కుళాయి రిపేర్లు ఒక మూడు వేలు. 90,000లో ఆ పదివేల ఐదు వందలు తీసేస్తే 79,500, నెలకి 6,600 చిల్లర. 6,600 రాసుకున్నాను.

మీ షట్టరు, మీ డాబా, మీ ఆటో, మీ పొలం గట్టున షెడ్డు ఏదైనా సరే, ఇదే ప్రశ్న: నేను వాడకపోతే దీనికి ఇంకెవరైనా డబ్బిస్తారా? ఎవరూ ఇవ్వరంటే సున్నా వేయండి, మొహమాటం లేదు. మా పెరట్లో రేకుల షెడ్డు ఉంది. పాత నవారు మంచాలు, అటకెక్కని సామాను, అత్తయ్య పారేయనివ్వని కుంపటి అందులో ఉండేవి. దాని అవకాశ వ్యయం సున్నా. ఈ షెడ్డు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పెట్టుబడికి వడ్డీ

మొత్తం పెట్టింది 3,40,000. అందులో మిషన్లు, అంటే టిల్టింగ్ గ్రైండర్లు రెండు, పెద్ద ఫ్రిజ్, కాటా, సీలింగ్ మిషన్ కలిపి 2,60,000. టైల్స్, కుళాయిలు, మీటరు మార్పించడం 45,000. సరుకుకీ, షాపుల దగ్గర ఎప్పుడూ ఇరుక్కుని ఉండే అరువుకీ 35,000. పాత బాకీ ఇవ్వకుండా కొత్త సరుకు వేయించుకోవడం షాపుల వాళ్ళ జన్మహక్కు, ఆ డబ్బు మనదే అయినా మన చేతికి రాదు.

ఇందులో లక్ష గోల్డ్ లోన్. దాని వడ్డీ 800 ముందే ఖర్చులో రాశాం కాబట్టి మళ్ళీ వేయకూడదు. అప్పు వడ్డీ ఖర్చులోకి, సొంత డబ్బు వడ్డీ అవకాశ వ్యయంలోకి. ఒకే లక్షని రెండు చోట్లా రాసి భయపడినవాళ్ళని చూశాను.

సొంతది 2,40,000. అందులో 1,40,000 ఎఫ్‌డీ తీసి పెట్టాం, అది 7 శాతం మీద ఉండేది. మిగతా లక్ష నా పీఎఫ్, మానేసిన రెండు నెలలకి తీసేశాను. ఇప్పుడైతే తీయను. ఆ లెక్క వేసేనాటికి పీఎఫ్ వడ్డీ 8.15 శాతం, తర్వాతి ఏడాదికి 8.25 చేశారు. రెండూ కలిపితే ఏడాదికి 17,950, నెలకి 1,500.

ఇక్కడ మనవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. "బయట రెండు రూపాయల వడ్డీకి ఇస్తే ఎంతొచ్చేది?" నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. 2,40,000కి నెలకి 4,800. అది వేసుకోవాలా? నా లెక్కలో వద్దు. రెండు రూపాయల వడ్డీలో సగం అసలు తిరిగొస్తుందో రాదో అన్న టెన్షన్‌కి ఇచ్చే కూలి. అలాగని ఎఫ్‌డీ వడ్డీ కూడా తక్కువే, ఎందుకంటే ఎఫ్‌డీలో పెట్టిన డబ్బు పులిసిపోయి వెనక్కి రాదు, పిండిలో పెట్టింది వస్తుంది. అప్పుడు 1,500 వేశాను గానీ ఇప్పుడు ఎవరైనా అడిగితే సొంత పెట్టుబడికి రూపాయి వడ్డీ వేసుకోమంటాను. లక్షకి నెలకి వెయ్యి. నోటితో లెక్కపెట్టుకోవడానికీ సులువు.

మిషన్ల అరుగుదల వేరు. 2,60,000 పెట్టి కొన్నవి ఐదేళ్ళకి అమ్మితే 80,000 వస్తాయని పాత సామాన్ల షాపు అతను చెప్పాడు. పోయే 1,80,000ని అరవై నెలలకి పంచితే నెలకి 3,000. ఇది అవకాశ వ్యయమా, మామూలు ఖర్చా అని పుస్తకం తెలిసినవాళ్ళు వాదిస్తారు. పేరు ఏదైనా, నెలనెలా పక్కన పెట్టకపోతే ఆరో ఏడు గ్రైండరు కొనడానికి మళ్ళీ గాజులు తాకట్టు పెట్టాలి.

ఇంట్లోవాళ్ళ చాకిరీ

రోజుకి నాలుగు గంటలు అత్తయ్య పప్పు కడగడం, ప్యాకెట్లు తూచడం చూసేది. పనిమనిషిని పెడితే 6,000 అడుగుతారు. మరి 6,000 రాయాలా? ఇక్కడ కొంచెం ఆగాలి. అవకాశ వ్యయం అంటే ఆమె ఏం వదులుకుందో అది. అంతకుముందు అత్తయ్య వీధిలో వాళ్ళ చీరలకి ఫాల్స్ కుట్టేది, నెలకి రెండున్నర వేల దాకా వచ్చేవి. పిండి మొదలయ్యాక సూది ముట్టలేదు. కాబట్టి 2,500. ఆ 6,000 వేరే ప్రశ్నకి జవాబు: అత్తయ్య చేయలేని రోజు వస్తే ఎంతవుతుంది? దాన్ని పక్కన పెన్సిల్‌తో రాసుకోండి, ఆ రోజు వస్తుంది.

"నాకు డబ్బెందుకమ్మా, ఇంట్లో పనే కదా" అంది అత్తయ్య. అయినా రాశాను. ఫాల్స్ డబ్బుతో ఆవిడ తన మందులు తనే కొనుక్కునేది, మనవడికి చెకోడీలు తెచ్చేది. పిండి మొదలయ్యాక ప్రతిదానికీ నన్ను అడగాల్సి వచ్చేది. లెక్క వేశాకే నాకు అది కనబడింది. ఆ నెల నుంచి ఒకటో తారీకున 2,500 ఆవిడ చేతిలో పెడుతున్నాను.

మా ఆయన తెల్లవారుజామున డెలివరీలు వేసి, తర్వాత తన ఉద్యోగానికి వెళ్ళేవాడు. "నువ్వేం వదులుకుంటున్నావు?" అని అడిగితే "నిద్ర" అన్నాడు. నిద్రకి బజారులో ధర లేదు, సున్నా వేశాం. ఆ సున్నా మీద ఇప్పటికీ ఒప్పుకోడు.

కూడి చూస్తే

ఉద్యోగం 22,300. గది 6,600. పెట్టుబడి వడ్డీ 1,500. అరుగుదల 3,000. అత్తయ్య 2,500. మొత్తం 35,900. వ్యాపారంలో మిగిలేది 30,182. అంటే నెలకి 5,700 చేతిచమురు వదులుతోంది, మేము మాత్రం ముప్ఫై వేలు సంపాదిస్తున్నామనుకుంటున్నాం.

గంట లెక్క ఇంకా ఘోరం. ఆఫీసు రోజుకి తొమ్మిది గంటలు, నెలకి 26 రోజులు, 234 గంటలు. గంటకి 95 రూపాయలు. పిండి పని రోజుకి పదకొండు గంటలు, ఆదివారం లేదు, అసలు ఆదివారమే ఎక్కువ పోతుంది. 330 గంటలు. 30,182లో గది, వడ్డీ, అరుగుదల, అత్తయ్య వాటా 13,600 తీసేస్తే నా కష్టానికి మిగిలేది 16,582. గంటకి 50. మీరు ఏ లెక్క వేసినా వేయకపోయినా ఈ గంట లెక్క తప్పకుండా వేయండి. చేతిలో డబ్బు కనిపిస్తుంది, గంటలు కనిపించవు.

డబ్బులో చెప్పలేనివీ ఉంటాయి. బాబు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండటం ఒకటి. పిన్ని కూతురి పెళ్ళికి గుడివాడ వెళ్ళలేకపోవడం ఇంకొకటి, ఎందుకంటే ముహూర్తం తెల్లవారుజామునే, ప్యాకెట్లు వేసేదీ అప్పుడే. వీటికి అంకె వేయలేమని వదిలేయకండి. "నెలకి ఎంతిస్తే నేను దీన్ని వదులుకుంటాను?" అని అడుక్కుని తోచింది రాయండి. నేను మొదటిదానికి 3,000 రాశాను, రెండోదానికీ 3,000 రాశాను. రెండూ కొట్టేసుకున్నాయి.

అయితే మూసేయాలా?

ఆ రాత్రి మూసేద్దామనే అనుకున్నాను. మర్నాడు పాత పరిచయాలకి ఫోన్లు చేశాను. ఏడాదికి పైగా గ్యాప్ వచ్చింది కదా అని ఒకచోట 17,000 అన్నారు, పీఎఫ్ లేదు. ఇంకోచోట మళ్ళీ చెప్తామన్నారు. అంటే ఉద్యోగం మానేసే ముందు నా అవకాశ వ్యయం 22,300. మానేసిన పద్నాలుగు నెలలకి అది 17,000, ఆటో ఖర్చు తీస్తే ఇంకా తక్కువ. అవకాశ వ్యయం ఒకసారి వేసి ఫ్రేము కట్టించుకునేది కాదు. పెట్టే ముందు వేసే లెక్కకి పాత జీతం, నడుస్తున్న వ్యాపారానికి ఇవాళ నిజంగా దొరికే జీతం వాడాలి.

టైల్స్‌కీ మీటరుకీ పెట్టిన 45,000 కూడా ఈ నిర్ణయంలోకి రాదు. మూసినా నడిపినా అది తిరిగి రాదు. "ఇంత పెట్టాం కదా" అని నడపడం, ఉప్పు ఎక్కువైన పులుసుని పారబోయలేక తినడం లాంటిది. మిషన్ల విషయం వేరు, అవి ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో అంత వరకు లెక్కలో ఉంటాయి.

అంకెలు విడివిడిగా రాసి ఉండటం వల్ల ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. 6,600 గది దగ్గర కళ్ళు ఆగాయి. అప్పుడు షెడ్డు గుర్తొచ్చింది. మంచాలు తీసేసి, కింద టైల్స్, సింకు, పైన రేకుల కింద సీలింగ్ వేయించి గ్రైండర్లు పెరట్లోకి మార్చాం. 38,000 అయింది. ముందు పోర్షన్ మళ్ళీ అద్దెకిచ్చాం, 8,000కి. మార్పించిన ఖర్చు ఆరు నెలల్లో వచ్చేసింది. ప్యాకెట్టు 55 చేశాం, పులిసినవి వెనక్కి తీసుకోవడం మానేశాం. రెండు షాపులు అలిగి మానేశాయి. రుబ్బే పిండి తగ్గింది, నా పని గంటలూ తగ్గాయి, మిగిలేది మాత్రం తగ్గలేదు. కుంపటి ఇంకా ఉంది, అత్తయ్య దాన్ని మెట్ల కింద పెట్టించింది.

పెట్టబోయేవాళ్ళ లెక్క: మా తమ్ముడి కర్రీ పాయింటు

మొన్న సంక్రాంతికి తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి "అక్కా, ఉద్యోగం మానేసి ఇక్కడ కర్రీ పాయింటు పెడతా" అన్నాడు. వాడి లెక్క వాడికి ఉంది: షాపు అడ్వాన్సు, గిన్నెలు, పొయ్యిలు, ఫ్రిజ్ కలిపి ఐదు లక్షలు. ఒక కూర ప్యాకెట్టు 40కి అమ్మితే సరుకు, కవరు పోగా 14 మిగులుతుంది. షాపు అద్దె, ఇద్దరు మనుషులు, గ్యాసు, కరెంటు నెలకి 48,000. రోజుకి 114 ప్యాకెట్లు పోతే ఖర్చు వచ్చేస్తుంది, ఆ పైనంతా లాభం.

"ఆ పైనంతా నీ జీతంరా, లాభం కాదు" అన్నాను. పక్కన కూర్చోబెట్టి వేయించాను. చేతికి 40,000. పీఎఫ్ రెండు వైపులా 3,600. గ్రాట్యుటీ నెలకి వెయ్యి. కంపెనీ ఇన్సూరెన్సు 1,400. వాడు అక్కడ పీజీకి 8,500, నెలకి రెండుసార్లు ఊరొచ్చే బస్సులకి 2,000 పెడతాడు. ఇక్కడుంటే అవి తప్పుతాయి, కానీ ఇంట్లో తిండికి 3,500 అవుతుంది కాబట్టి 7,000 తీసేశాం. ఉద్యోగం విలువ 39,000. ఐదు లక్షలకి రూపాయి వడ్డీ 5,000. అడ్వాన్సు తిరిగొచ్చేదే అయినా, షాపాయన దగ్గర ఉన్నన్నాళ్ళూ దానికి వడ్డీ రాదు కాబట్టి అదీ ఇందులోనే. అరుగుదల 2,000. మొత్తం 46,000.

ఖర్చు 48,000, ఈ 46,000 కలిపి 94,000. ప్యాకెట్టుకి 14 చొప్పున నెలకి 6,714, రోజుకి 224. వాడు 114 దగ్గరే పండగ చేసుకుందామనుకున్నాడు.

అడగని ప్రశ్న ఇంకోటి ఉంది. మొదటి ఆరు నెలలు కొట్టు తన ఖర్చు తను రాబట్టుకుంటే గొప్ప. ఆ ఆరు నెలల్లో పోయే జీతం విలువ 2,34,000. కాబట్టి వాడి పెట్టుబడి ఐదు లక్షలు కాదు, ఏడు లక్షల 34 వేలు. ఇది విన్నాక కాసేపు అరిసెల డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాడు.

తేదీకి కూడా ధర ఉంటుంది. వాడు చేరి నాలుగేళ్ళ మూడు నెలలు. అక్టోబరుకి ఐదు నిండుతాయి. బేసిక్ 21,000 కాబట్టి అప్పటికి గ్రాట్యుటీ 60,577. ఫిబ్రవరిలో రాజీనామా ఇస్తే అందులో ఒక్క రూపాయి రాదు. ఫిబ్రవరిలోనే దొరికి తర్వాత దొరకని షాపు ఏదైనా ఉంటే, అది అరవై వేలు పోగొట్టుకునేంత మంచి షాపా అని అడిగాను. కాదన్నాడు.

అమ్మ వండుతుందట, అది ఉచితమట. అమ్మనే అడగమన్నాను. ఇంకా అడగలేదు.

అక్టోబరు దాకా ఆగుతానన్నాడు. ఈలోగా ఊరొచ్చినప్పుడల్లా సాయంత్రం మా పక్కవీధి కర్రీ పాయింటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఎన్ని కవర్లు పోతున్నాయో ఫోన్‌లో గీతలు పెట్టుకుంటున్నాడు. పోయిన శనివారం ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా 112. మధ్యాహ్నం లెక్క ఇంకా తేలలేదు, ఆ బల్ల మీద పన్నెండింటికి ఎండ పడుతుందట.